చాంద్ కనబడేదాకా ఖాళీగా వదిలిన గడి

నెలవంక కనబడకముందే పండుగ తేదీ రాయకూడదని నా కూతురికి చెప్పింది నేనే. ఈ మాట ఆమె తన సంజాయిషీలో రాయలేదు. నేను రాసిస్తానని మొత్తుకుంటే వద్దంది. ఆమె ఉద్యోగం పోయిన సంగతి గౌలిపురాలో మా గల్లీ మొత్తానికి తెలుసు. ఎందుకు పోయిందన్నది మాత్రం ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకుంటున్నారు. నాకు తెలిసింది నేను రాస్తున్నాను.

నేను ఏడో తరగతిలో బడి మానినవాణ్ణి. మా నాయిన బర్లు పెట్టుకొని పాలు పోసేవాడు. పొద్దున్నే క్యాన్లు మోసి బడికి చేరేసరికి రెండు పాఠాలు అయిపోయేవి. ఒకరోజు పంతులు, "నువ్వు పాలు తెస్తె చాలు, పుస్తకం తేకపోయినా సరే" అన్నాడు. అందరూ నవ్వారు. మర్నాటి నుంచి ఆ పాలు కూడా తీసుకుపోలేదు. తర్వాత చదివిందంతా పొట్లాల కాగితాల మీద చదివాను. ఉర్దూ దుకాణాల బోర్డుల మీద నేర్చుకున్నాను, ఇంగ్లీషు ఫ్యాక్టరీ నోటీసుల మీద. పింఛను ఆగిందనో, నల్లా రావడం లేదనో అర్జీ కావాలంటే మా గల్లీవాళ్లు ఇవాళ్టికీ నా గుమ్మమే తొక్కుతారు. నేను రాసిన అర్జీ వెనక్కి వచ్చింది తక్కువ.

నా ఉద్యోగం కంచన్‌బాగ్‌లో, ఒక కర్మాగారం గేటు పక్కన టైమాఫీసులో. ఒక్కో కార్మికుడికి నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఉండేది. సైరన్ ఆగేలోపు గోడమీది పలక నుంచి తన బిళ్ల తీసి పెట్టెలో వేయాలి. పలక మీద మిగిలిన బిళ్లలే ఆ రోజు రానివాళ్ల లెక్క. పెట్టె దగ్గర నేను, గేటు దగ్గర జమేదారు. ఒకడి బిళ్ల ఇంకొకడు వేస్తే చప్పుడు బట్టి పట్టుకునేవాణ్ణి. గొప్పేమీ లేదు, ఒక్క మనిషి రెండుసార్లు చప్పుడు చేస్తే చెవులున్నవాడికి తెలియదా?

రంజాన్ నెల రాగానే పైనుంచి ఒక కాగితం వచ్చేది. రోజా ఉపవాసం ఉన్నవాళ్లు సాయంత్రం గంట ముందు వెళ్లవచ్చు, పండుగ వరకు. ఏ తేదీ వరకు అని ఉండేది కాదు. ఎలా ఉంటుంది? చాంద్ ఇరవై తొమ్మిదినాడు కనబడుతుందో ముప్పైనాడో ఎవరు చెప్పగలరు? మైదా లైతో ఆ కాగితం గేటుకు అతికించేది నేనే.

ఒక ఏడాది పండుగ అయిపోయాక దాన్ని తీయడం మరిచిపోయాను. నాలుగు రోజులు గేటు మీద అలాగే ఉంది. నెలంతా మా కళ్లముందే క్యాంటీన్లో పూరీలు తిన్న ఒక ఫిట్టరు ఆ కాగితం మీద వేలు పెట్టి చూపించి, "రాసి ఉన్నది గద సార్" అంటూ నాలుగు రోజులూ గంట ముందు బయటపడ్డాడు. ఐదో రోజు నాకు మెమో వచ్చింది. ఆ సాయంత్రం సైకిళ్ల షెడ్డు దగ్గర జమేదారు నన్ను ఆపాడు. ఆయన నాకన్నా మూడేళ్లు పెద్ద, ఆయన తిట్టినా నాకు కోపం రాదు.

"భాయ్, గా కాగితానికి చాంద్ కనబడదు. నీకు కనబడ్తది. అతికించిన చెయ్యే పీకాలె, సంఝే?"

అప్పటినుంచి రిటైరయ్యేదాకా పండుగ సెలవు మర్నాడు మొదటి బిళ్ల పడకముందే బ్లేడుతో ఆ కాగితం గీకి, ముక్కలు జమేదారుకు చూపించి చెత్తలో వేసేవాణ్ణి. మాకది పండుగలో ఒక భాగమైపోయింది.

నా భార్య పోయాక చిన్న కూతురూ అల్లుడూ నాతోనే ఉంటున్నారు. అల్లుడు అఫ్జల్‌గంజ్‌లో ఆటో విడిభాగాల దుకాణంలో పని చేస్తాడు. కూతురు ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటరు చెప్పేది. కరోనాలో బడి మూతపడింది. అప్పుడు అమీర్‌పేటలో ఒక కోచింగ్ సెంటరు బోర్డు చూసింది: "సైబర్ సెక్యూరిటీ. ఉద్యోగాలు ఎన్నో, మనుషులే లేరు." నిజమే కాబోలు అనుకున్నాం. పేపర్లలోనూ అదే గోల. ముప్పై అయిదేళ్లు దాటాక రోజూ రెండు బస్సులు మారి ఆరు నెలలు నేర్చుకుంది.

ఆ బ్యాచిలో ముప్పై మంది ఉంటే ఉద్యోగం దొరికింది ఇద్దరికి. మిగిలినవాళ్లను ప్రతిచోటా ఒకటే ప్రశ్న అడిగారట, మూడేళ్ల అనుభవం ఉందా అని. మొదటి రోజు పనిలోకి రానివ్వనివాడు మూడేళ్ల అనుభవం ఎక్కడినుంచి తెమ్మంటాడు? క్లాసులో నా కూతురికంటే తెలివైన అమ్మాయి ఒకతి ఇప్పుడు లాడ్ బజార్‌లో వాళ్ల దుకాణంలో కూర్చుని లక్క గాజులకు రాళ్లు అతికిస్తోంది. మనుషులు లేరని అరిచేదీ వాళ్లే, వచ్చిన మనిషిని గుమ్మంలో ఆపేదీ వాళ్లే. దీన్ని కొరత అంటారా? మా కాలంలో దీనికి వేరే పేరుండేది.

నా కూతురికి దొరికింది ఒక కంపెనీలో కాపలా పని. నేను అలాగే అంటాను, ఆమె నవ్వుతుంది. ఆస్పత్రులు, బడులు, దుకాణాలు తమ కంప్యూటర్ల కాపలాను ఈ కంపెనీకి అప్పగిస్తాయి. ఎవరు ఏ వేళకు ఏ ఊరినుంచి లోపలికి వస్తున్నారో చూడటం, తేడా ఉంటే ఆపి అడగటం, ఇదీ పని. వారంలో మూడు రోజులు ఇంటి నుంచే. మొదటి వారంలోనే నాకు అర్థమైంది, ఇది నా పెట్టె దగ్గర కుర్చీయే.

ఆమె చేరినప్పుడు ఆ గుంపులో ఆరుగురు. తర్వాత ఏఐ వచ్చింది. అలారాలన్నీ అదే చదువుతుంది, ఉత్తవి అనుకున్నవాటిని అదే మూసేస్తుంది, మిగిలినవి మనిషికి పంపుతుంది. ఇద్దరిని మీ అవసరం లేదన్నారు. ఇంకో ఇద్దరు పని ఎక్కువై వేరే చోటికి పోయారు. అలా పోయినవాళ్లలో ఒక సీనియరు ఉండేది. ఆ ఏఐ మరకు ఎవరెవరు ఏమేమి మినహాయింపులు ఇచ్చారో ప్రతి శుక్రవారం చూసి, కాలం తీరినవాటిని తీసేయడం ఆమె పని. ఆమె కుర్చీ ఖాళీగానే ఉంది. అడిగితే, "రిక్రూట్‌మెంట్ జరుగుతోంది" అనేవారట. ఆరుగురి పని ఇద్దరి మీద పడింది.

ఇక రంజాన్ మొదటి వారం. మధ్యాహ్నం మంచం మీద కూర్చుని ల్యాప్‌టాప్ ముందు నా కూతురు తల పట్టుకుంది.

"బాపూ, దీనికి రంజాన్ అంటె ఏందో తెల్వది. పొద్దటికెల్లి ఒకటే లొల్లి."

రక్తపరీక్షల ల్యాబులు కొన్ని ఆ కంపెనీ కాపలాలో ఉన్నాయి. వాటి పాతబస్తీ శాఖల్లో పనిచేసేవాళ్లు వేకువన సహర్ తిన్నాక మళ్లీ పడుకోకుండా ఇంటినుంచే రిపోర్టులు ఎక్కించుకొని, సాయంత్రం ఇఫ్తార్‌కు ముందే ఇల్లు చేరుతున్నారు. తెల్లవారకముందు ఎవరో లోపలికి వస్తున్నారని మర ప్రతిసారీ అరుస్తోంది. ఈమె ప్రతిసారీ ఫోన్ చేసి కనుక్కుంటోంది.

నేను వెనక నిలబడి చూశాను. చూడకూడదని నాకు తెలియదు.

"కాగితం అతికియ్యి మరి" అన్నాను. గేటు సంగతి చెప్పాను.

ఆమెకు నచ్చింది. మనిషికి చెప్పినట్టే మరకు చెప్పవచ్చట. ఈ శాఖలవాళ్లు ఈ నెలలో తెల్లవారకముందు లోపలికి రావడం మామూలే అని ఇంగ్లీషులో ఒక్క వాక్యం కొట్టింది. అర్థమైందని అది మర్యాదగా జవాబిచ్చింది. కింద ఒక గడి, ఎప్పటివరకు అని.

"పండుగ ఏ దినం బాపూ?"

"చాంద్ కనబడాలె గద బిడ్డా."

"క్యాలెండర్ల ఉన్నది."

"క్యాలెండరోనికి చాంద్ చెప్పి వస్తదా? ఒక దినం ముందుగాల రాసినవనుకో, ఆఖరు రోజాకు పాపం వాళ్ల పని ఆగుతది. ఖాళీ పెట్టు. కనబడ్డంక రాద్దువు తియ్యి."

ఖాళీగా వదిలేసింది. ఆ గడి నింపకపోతే ముందుకు పోనివ్వననే బుద్ధి ఆ మరను చేసినవాళ్లకు లేదు. అరుపులు ఆగిపోయాయి. ఆ వారమే అదే వాక్యాన్ని పాతబస్తీలోని ఇంకో నాలుగు చోట్లకూ పెట్టింది. నాకు ఎంత గర్వమనిపించిందో చెప్పలేను. ఇంత చదువుకున్నవాళ్ల మధ్య నా గేటు తెలివి పనికొచ్చింది! ఇఫ్తార్ అయ్యాక హోటల్లో జమేదారుకు చెబితే చాయ్ సాసర్లో పోసుకుంటూ నవ్వాడు.

"వారెవా, మిషిన్‌కు గూడ రోజా నేర్పినవు. నమాజ్ ఎప్పుడు నేర్పుతవ్?"

జమేదారు నాకు చెప్పిన సూత్రంలో అతికించడం ఉంది, పీకడం ఉంది. నా కూతురికి నేను సగమే చెప్పాను. రెండో సగం నాకు గుర్తు రాలేదు. మెమో తిన్నవాణ్ణి, ముప్పై ఏళ్లు బ్లేడుతో గీకినవాణ్ణి, నాకే గుర్తు రాలేదు.

చాంద్ కనబడింది. జమేదారు ఇంటినుంచి షీర్‌ఖుర్మా పాయసం డబ్బా వచ్చింది. నేను రెండుసార్లు పోసుకున్నాను. నా కూతురు అప్పటికి ఇంకో ఆస్పత్రి పని కూడా మీదేసుకుని, ఒక చేత్తో తింటూ ఇంకో చేత్తో కొడుతోంది. డబ్బా కడిగి నేనే తిరిగి ఇచ్చి వచ్చాను. గడి సంగతి మా ఇద్దరిలో ఎవరికీ తట్టలేదు.

నెలన్నర గడిచింది. జమేదారు కాలికి పుండు పడింది. కోత పెట్టాలి, షుగరు రిపోర్టు తెమ్మన్నారు. ల్యాబుకు మూడుసార్లు తిరిగి మా అరుగు మీద కూలబడ్డాడు.

"కంప్యూటర్లు బంద్ అట భాయ్. ఎవడో చోర్ లోపటికి జొర్రి అన్నిటికి తాళమేసిండట. పైసలిస్తెనే తీస్తడట. నా షుగర్ గూడ ఎత్తుకపోయిండు." ఆగి, "తీస్కపోతె పోనియ్, మల్ల తేవద్దను" అని నవ్వాడు. కాలు కదిపితే నవ్వు ఆగిపోయింది.

నేను ఇంట్లోకి చూశాను. నా కూతురి ముందు పొద్దున పెట్టుకున్న ఉప్మా అలాగే ఉంది.

జమేదారు వెళ్లాక ఆమె చెప్పింది. ఆ దొంగ ఏ దేశంవాడో తెలియదు. ఒక శాఖలోని గుమాస్తా పాస్‌వర్డు సంపాదించి, వరుసగా మూడు రోజులు తెల్లవారకముందే లోపలికి వచ్చాడు. మూడుసార్లూ మర చూసింది. మూడుసార్లూ ఒకటే రాసి అలారం మూసేసింది. ఆ మాట నా కూతురు నాకు తెలుగులో చెప్పింది:

"ఈ శాఖల ఈ యాళ్లకు రావుడు మామూలే అని రాసింది బాపూ."

మా వాక్యమే అది, మంచం మీద కూర్చుని కొట్టిన వాక్యం.

మరునాడు ఆమె మేనేజరు ఫోన్ చేశాడు. కోస్తా నుంచి వచ్చిన మనిషి, మర్యాదస్తుడు. ఎన్నడూ గొంతు పెంచినవాడు కాదు, ఆ రోజూ పెంచలేదు. ఆమె ఫోన్ స్పీకరులో పెట్టింది.

"చూడమ్మా, మీ మీద నాకేం కోపం లేదు. కానీ ల్యాబువాళ్లకి ఏదో ఒక పేరు చెప్పాలి కదా. ఏఐ తప్పు చేసిందంటే మిగతా క్లయింట్లు కూడా పోతారండి."

"సార్, శుక్రవారం చెకింగ్ ఉంటే దొరుకుతుండె. ఆ పోస్టు ఖాళీ ఉన్నదని నేను రెండుసార్లు మెయిల్ పెట్టిన."

"నిజమేనమ్మా. మనుషులు దొరకట్లేదు కదా, ఏం చేస్తాం. మీరొక సంజాయిషీ లెటర్ ఇచ్చేయండి. రిపోర్టులో స్థానిక పండుగ వల్ల ఇచ్చిన మినహాయింపు అని రాస్తున్నాం."

నేను ఆగలేకపోయాను. నా కూతురు చెయ్యి అడ్డం పెట్టి నా నోరు మూయించింది కానీ, ఫోన్ పెట్టేశాక గోడలు వినేలా అరిచాను. పండుగ ఏం చేసిందిరా? పండుగ రాను వచ్చింది, పోను పోయింది. మా గేటు దగ్గర ముప్పై ఏళ్లు వచ్చి పోలేదా? పండుగ అయ్యాక లేచి వచ్చి కాగితం పీకే మనిషిని తీసేసింది ఎవరు? ఆ కుర్చీని ఖాళీ పెట్టుకుని, మరను చూపించి, మాకు కాపలా ఉంది అని ఊరందరికీ చెప్పుకున్నది ఎవరు?

"బాపూ, బీపీ పెరుగుతది. కూసో."

కూర్చున్నాను. కూర్చుని నాకు చేతనైన పని మొదలుపెట్టాను. మూడు పేజీల అర్జీ. గడిని ఖాళీగా వదలమన్నది నేను, తప్పు నాది, నా కూతురు తండ్రి మాట విన్నది తప్ప ఏ పాపం ఎరగదు. దానితోపాటు ఖాళీ కుర్చీ సంగతీ, ఆమె పెట్టిన మెయిళ్ల సంగతీ వివరంగా రాశాను. కొట్టివేత లేకుండా మళ్లీ సాపు రాసి ఆమె చేతికిచ్చాను.

మూడు పేజీలూ చదివింది. రెండోసారి చదివింది.

"మంచిగ రాసినవు బాపూ. గని ఇది ఇస్తె ఈ నౌకరీ ఒక్కటే కాదు, ఇగ ఏ నౌకరీ రాదు."

"ఎందుకే?"

"కంపెనీ స్క్రీన్ ఇంట్లోళ్లకు చూపెట్టిన్నని నువ్వే రాసిస్తున్నవు. మర్శిపోయిన మనిషిని ఇంకో దగ్గర పెట్టుకుంటరేమో. చూపెట్టిన మనిషిని ఎవరు పెట్టుకోరు."

గల్లీలో అందరి అర్జీలూ రాసినవాణ్ణి. సొంత కూతురి కోసం రాసినదే ఆమెకు ఉరితాడు. కాగితాలు మడిచి నా ట్రంకు పెట్టెలో వేసింది, నేను చింపేయకుండా. ఆ తర్వాత ఆమె రాసిచ్చిన సంజాయిషీ నాకు చూపించలేదు. అడిగితే అందులోని ఒక ముక్క చెప్పింది: "గడువు లేకుండా మినహాయింపు ఇచ్చింది నేనే, నా సొంత ఆలోచనతో." పుట్టిన దగ్గర్నుంచీ నాతో అబద్ధం ఆడని పిల్ల, నాకోసం వాళ్లకు రాసిచ్చిన అబద్ధం అది. నెలాఖరుకు ల్యాప్‌టాప్ తీసుకుపోయారు.

జమేదారుకు చెప్పకుండా ఉండలేకపోయాను. కోత పది రోజులు ఆలస్యమైంది. రెండు కాలివేళ్లు తీసేశారు. ముందే అయితే ఒకటే పోయేదని డాక్టరు అన్నాడో, అనలేదో, ఆయన నాతో అనలేదు. మంచం పక్కన స్టూలు మీద కూర్చుని మొత్తం చెప్పాను. కట్టు కట్టిన కాలు చూసుకుంటూ విన్నాడు.

"పీకలేదా భాయ్?" అన్నాడు.

అంతే. తిడితే బాగుండేది.

"నువ్వన్న యాది చెయ్యకపోతివి" అన్నాను, సిగ్గులేకుండా.

"నాకు షీర్‌ఖుర్మా యాదికున్నది. గది నీ డ్యూటీ."

ఇదంతా జరిగి నెల దాటాక నా కూతురు ఫోన్లో ఒక ప్రకటన చూపించింది. అదే కంపెనీ, అదే కుర్చీ. మూడేళ్ల అనుభవం కావాలట. ఈ రంగంలో మనుషుల కొరత తీవ్రంగా ఉందని మొదటి వాక్యం. ఆమె నవ్వింది, నేను నవ్వలేదు.

ఆ రోజే ఆమెకు ఒకటి తట్టింది. అక్కడ ఇంకా పనిచేస్తున్న పిల్లకు ఫోన్ చేసింది. ల్యాబుల వాక్యం తీసేశారు సరే, మిగతా నాలుగు చోట్ల?

"అక్కా, నేను ఒక్కదాన్నే ఉన్న. నాకు తినే టైమే లేదు. పైకి రాసి పెట్టిన, ఎవ్వరు చూస్తలేరు."

నా కూతురు ఆ నాలుగు పేర్లూ ఒక కాగితం మీద రాసుకుంది. తనను తీసేసిన కంపెనీకి తనే మెయిల్ పెట్టింది. మూడు రోజులు పొద్దున లేచి ముఖం కడగకముందే ఫోన్ చూసుకుంది. జవాబు లేదు. నాలుగో రోజు ఆ కాగితం అల్మారా మీద వదిలేసి ఏదో బడిలో ఇంటర్వ్యూ ఉందని వెళ్లింది.

ఆ కాగితం నేను చదివాను. నాలుగింటిలో ఒకటి మా ఇంటికి పదిహేను నిమిషాల నడక, చిన్న ప్రైవేటు ఆస్పత్రి. ఆమెను అడగలేదు. అడిగితే వద్దంటుంది. చొక్కా మార్చుకుని బయల్దేరాను. ఆమె పేరు గానీ కంపెనీ పేరు గానీ ఎత్తకూడదని దారిపొడుగునా నాకు నేను చెప్పుకున్నాను.

లోపల మూడు కౌంటర్లు. రెండింటి ముందు కుర్చీలు ఖాళీ. మూడోదాంట్లో ఉన్న అమ్మాయి తల ఎత్తలేదు.

"అమ్మా, రంజాన్‌ల పొద్దుగాల లోపటికి రానీకె మీ కంప్యూటర్‌కు పర్మిషన్ ఇచ్చిన్రు. అది తీసేసిన్రా లేదా అని మీ కంప్యూటరోళ్లను అడుగున్రి."

"రంజాన్ ఎప్పుడో అయిపోయింది గద తాతా."

"అందుకే అడుగుతున్న."

"పేషెంట్ ఎవరు?"

"ఎవరు లేరు."

"ముందు టోకెన్ తీస్కో. గా మిషిన్ల."

గుమ్మం పక్కన నిలబెట్టిన పెట్టె మీద వేలు పెడితే ఒక చిన్న కాగితం ఊడిపడింది. అరవై నాలుగు. గోడమీది తెరలో నలభై రెండు వెలుగుతోంది. కిటికీ పక్కన చోటుంటే కూర్చున్నాను. పిలిచేది ఆ ఒక్క అమ్మాయే, మధ్యలో ఫోన్లు కూడా ఆమే ఎత్తుతోంది. గంట గడిచినా యాభై దాటలేదు. చేతి చెమటకు కాగితం మెత్తబడింది. అంకె చెరగకుండా చొక్కా జేబులో పెట్టుకుని, ఆమె ఎప్పుడు పిలుస్తుందా అని అలాగే కూర్చున్నాను.